ఉప్పు పోసిన ఎండకాలం

పోయిన వేసవిలో మా అన్న మనుమరాలి పెళ్లికని నారాయణఖేడ్ వెళ్లాను. ఫంక్షన్ హాల్లో బంతి మీద కూర్చుంటే విస్తరి పక్కన గ్లాసుకు బదులు అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ సీసా పెట్టారు. నా వేళ్లకు ఇప్పుడు మూత తిప్పే బలం లేదు. పక్కన కూర్చున్న అమ్మాయి, వియ్యాలవారి వైపు పిల్లట, బీఎస్సీ చదువుతోందట, సీసా అందుకుని మూత విప్పి ఇచ్చింది. ఊరికే మాట కలుపుదామని, ఈ నీళ్లు మంచివని నీకెట్లా తెలుసమ్మా అని అడిగాను. సీలుంది కదా తాతా, అంది. కెమిస్ట్రీ చదువుతున్నావు కదా, పరీక్షించి చూడడం నేర్పరా అంటే నవ్వింది. వాళ్ల కాలేజీలో ప్రయోగశాల ఉందట. బీరువాల నిండా గాజు సామాను ఉందట. రికార్డు మాత్రం పై తరగతి వాళ్లది చూసి దించుకుంటారట. పరీక్షనాడు ఏ సీసాలో ఏ రంగు వస్తుందో సారే ముందుగా చెప్పేస్తాడట. ఆ పిల్లను అనడానికేమీ లేదు. కాలేజీల్లో రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన నాకు తాళాలు వేసిన బీరువాల సంగతి కొత్తేం కాదు. కానీ ఆ సీసా చేతిలో ఉండగానే మా వదిన శివమ్మ కళ్లముందుకు వచ్చింది. పెళ్లికూతురు ఆమె మనుమరాలు కాదు. ఆమె పోయాక మా అన్న మళ్లీ చేసుకున్న ఇల్లాలి సంతతి. అన్న కూడా ఇప్పుడు లేడు. అంత పెద్ద హాల్లో శివమ్మ అనే మనిషి ఉండేదని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

మాది పాతకాలపు వ్యవసాయ కుటుంబం. నల్లరేగడిలో కందీ జొన్నా పండించేవాళ్లం. ఇంటి ముందు పశువుల కొట్టం, వెనక వంట సాల. తెల్లారకముందే మా అవ్వ లేచి పొయ్యి అలికి, కందికట్టె పెట్టి ముట్టించేది. కందికట్టె పొగకు ఒక తియ్యటి ఘాటుంటుంది. దానిలో కొట్టంలోంచి వచ్చే పేడవాసన, కాలుతున్న జొన్నరొట్టె వాసన కలిస్తే మా ఇంటి పొద్దు అయ్యేది. అవ్వ మా బాపు తల్లి. అమ్మ నా చిన్నప్పుడే పోతే మమ్మల్ని పెంచింది ఆమే. ఆమెకు కొన్ని పట్టింపులు ఉండేవి. నీళ్ల కుండలు కడగకుండా ఎవరూ ముట్టగూడదు. బయటినుంచి వచ్చినవాడు కాళ్లు కడిగిందాకా గడప దాటగూడదు. పొలం పనికి వచ్చే కిరస్తానీల మిషన్ వాడ మరియమ్మ దాహమంటే వాకిట్లో వంగి దోసిలి పట్టాలి, అవ్వ పైనుంచి చెంబుతో ధార కట్టి పోసేది. చెంబుకు ఆమె వేలు తగిలితే బూడిదతో తోమించేది. ఇందులో ఎవరికీ ఏ తప్పూ కనిపించేది కాదు. మరియమ్మకూ అలవాటైపోయింది, వంగి దోసిలి పట్టి, తాగి, మూతి తుడుచుకుని పనికి పోయేది. బాపు తక్కువ మాట్లాడే మనిషి. గల్లీలో తగవు వస్తే ఆయన మాటకోసం చూసేవారు. ఆయన కూడా ఆ సంగతి ఎరిగి, మాటను జాగ్రత్తగా దాచుకున్నట్టు ఉండేవాడు.

వదినది నాగల్‌గిద్ద అవతల పల్లె. కన్నడం కలిసిన తెలుగు. కొత్తగా వచ్చినప్పుడు ఆమె మాటకు గల్లీలో ఆడవాళ్లు నవ్వితే, ఆమె ఇంకా ఎక్కువ కన్నడం కలిపి వాళ్లను నవ్వించేది. నీళ్లు తోడడం ఆమె పని. మా గల్లీ బావి ఇంటికి దగ్గరే. పొద్దున ఆమె రెండు బిందెలు, నడుమున ఒకటి, నెత్తిన ఒకటి పెట్టుకుని వస్తుంటే నీళ్లు తొణికి ఆమె భుజం మీద పడేవి. ఆ బావి వెనక, మా కొట్టాల నుంచీ పక్క ఇళ్ల నుంచీ వచ్చే మురికినీరంతా చేరే ఒక గుంత ఉండేది. బర్రెలు అందులో పడుకునేవి. జబ్బు మనుషుల బట్టలు కూడా అక్కడే జాడించేవారు. బావికీ గుంతకూ నడుమ కాస్త గట్టు ఉంది కదా అని అందరికీ ధీమా.

అప్పటికింకా నిజాం సర్కారే. మా బడి ఉర్దూ బడి. లెక్కలూ, చరిత్రా, సైన్సూ అన్నీ ఉర్దూలోనే కంఠతా పట్టేవాళ్లం. నీరు ఎన్ని వాయువులతో అవుతుందో నేను గడగడా చెప్పగలిగేవాణ్ని, వాయువు అంటే ఏమిటో మాత్రం తెలియదు. నేను పై తరగతికి వచ్చిన ఏడాది బసవరాజ్ సార్ వచ్చాడు. బీదరు వైపు మనిషి. పట్నంలో సైన్సు డిగ్రీ చదివి, అక్కడే ఉండిపోయే వీలున్నా మా ఊరికి వేయించుకున్నాడని చెప్పుకునేవారు. సన్నగా, కొంచెం ముందుకు వంగినట్టు ఉండేవాడు. మొదటి రోజు పుస్తకం తెరవమనలేదు. ఒక పళ్లెంలో నీళ్లు పోసి, నడుమ కొవ్వొత్తి నిలబెట్టి, దానిమీద గాజు గ్లాసు బోర్లించాడు. కొవ్వొత్తి ఆరింది, నీళ్లు గ్లాసులోకి ఎక్కాయి. ఎందుకెక్కాయని అడిగాడు. నేను పుస్తకంలోని వాక్యం అప్పజెప్పాను. ఆయన విని, గ్లాసు నా చేతికిచ్చి, "నోడప్పా, పుస్తకం చెప్పింది నాకు తెలుసు. నువ్వేం చూసినవు?" అన్నాడు. నోడు అంటే వాళ్ల భాషలో చూడు అని. ఆ మాట ఆయన రోజుకు ఎన్నిసార్లు అనేవాడో. కొద్దిరోజులకు బడిలో వాడకుండా పడి ఉన్న సామాన్ల గది మాకు ప్రయోగశాల అయింది. సిరాబుడ్డికి రేకు మూత వేసి వత్తి దూరిస్తే దీపం. దవాఖానలో పారేసిన మందు సీసాలే మా పరీక్ష గొట్టాలు. ఆవిరి పట్టి నీళ్లు దించడానికి రాగిబిందె కావాలంటే అవ్వకు తెలియకుండా వదినే ఇచ్చింది, మూతి చుట్టూ పిండి మెత్తి వెదురుగొట్టం బిగించడం కూడా ఆమె చేతిమీదుగానే జరిగింది.

నేను బడిలో చేసినదంతా ఇంటికి వచ్చి వంట సాలలో మళ్లీ చేసేవాణ్ని. వదిన పక్కన కూర్చుని చూసేది. ఆమెకు అక్షరం రాదు. కానీ ఆమె అడిగే ప్రశ్నలు నేను సార్ దగ్గరికి మోసుకుపోవాల్సి వచ్చేది. ఒకసారి సార్ ఏదో పనిమీద మా వాకిటికి వస్తే, వదిన గడపలోపల నిలబడి కన్నడంలో పలకరించింది. ఆ ఊళ్లో తన భాష వినపడ్డ ఆయన ముఖం నాకింకా గుర్తు. ఆ తరువాత అప్పుడప్పుడు నాచేత ఆయనకు రొట్టెలూ పుంటికూరా పంపేది. బాపు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో సార్ ఊరి బావుల పాఠం మొదలుపెట్టాడు. ఆయన దగ్గర ముదురు రంగు సీసాలో వెండితో చేసిన ఒక మందు ఉండేది. ఉప్పు కలిసిన నీళ్లలో రెండు చుక్కలు వేస్తే తెల్లగా విరిగిన పాలలా అవుతుంది. ఉప్పు ఎంత ఉంటే అంత తెలుపు. మేం నలుగురైదుగురం ఊళ్లో ప్రతి బావికీ పోయి సీసాలు నింపి తెచ్చాం. మిషన్ వాడ బావి నీళ్లు కూడా తెమ్మంటే నేను వెనకాడాను. సారే పోయి తెచ్చాడు. అది మిషన్ వాళ్లు మెరక మీద రాతి ఒర కట్టి తవ్వించిన బావి. సీసాలు వరసగా పెట్టి చుక్కలు వేస్తే, మిషన్ వాడ నీళ్లు కొంచెమే మసకబారాయి. మా గల్లీ నీళ్లు తెల్లగా విరిగాయి. మనుషుల, పశువుల మురికిలో ఉప్పుంటుందని, అది బావిలో కలుస్తోందేమోనని సార్ అన్నాడు. వెంటనే తానే, భూమిలోనే ఉప్పు ఉండొచ్చు, ఇంతకే నమ్మొద్దు అని కూడా అన్నాడు. తేల్చుకోవడానికి గుంతలో ఉప్పు పోసి, బావి నీళ్లలో తెలుపు పెరుగుతుందేమో చూడాలన్నాడు. గల్లీ పెద్దలకు ముందే చెప్పాడు. వాళ్లు పిల్లల ఆట అనుకుని సరే అన్నారు. ఉప్పు బస్తాలు మేమే మోసుకెళ్లి గుంతలో కుమ్మరించాం. ఆ తరువాత రోజూ బావి నీళ్లు తెచ్చి చుక్కలు వేసేవాళ్లం. మొదట్లో ఏ తేడా లేదు. నాలుగు వానచుక్కలు పడ్డాక ఒక పొద్దున సీసాలో నీళ్లు ముద్దలు ముద్దలుగా తెల్లబడ్డాయి, సీసా అవతల ఉన్న కిటికీ కనిపించకుండా పోయింది. మిషన్ వాడ నీళ్లు ఎప్పటిలానే ఉన్నాయి. నేను రెండు సీసాలూ, కాసిన్ని మందు చుక్కలూ ఇంటికి తెచ్చి వదిన ముందు అదే చేసి చూపించాను. ఆమె సీసాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. బర్రెల గుంతల నీల్లు మనం తాగుతున్నమా అని అడిగింది. ఆ రోజునుంచి తాగే నీళ్లు కాచి చల్లార్చడం మొదలుపెట్టింది. సార్ అదే చెప్పాడు, బావి మార్చండి, లేదంటే కాచి తాగండి అని. గల్లీ వాళ్లు తల ఊపి ఎవరి పనికి వాళ్లు పోయారు. కాచిన నీళ్లు జ్వరం వచ్చినవాళ్లకు కానీ గట్టిగా ఉన్నవాళ్లకెందుకని అవ్వ సణిగింది.

ఆ మందుకు ఒక గుణముంది. చర్మానికి తగిలితే అప్పుడేమీ తెలియదు, ఎండ తగిలాక నల్లగా మాడినట్టు అవుతుంది, ఎంత కడిగినా పోదు. మా వేళ్లన్నీ నల్లబడ్డాయి. అవ్వ చింతపండూ బూడిదా పెట్టి తోమింది, పోలేదు. మేం ఆ వేళ్లు ఒకరికొకరం చూపించుకుని మురిసిపోయేవాళ్లం.

ముసురు పట్టిన వారంలో గత్తర వచ్చింది. కలరా అనే మాట అప్పుడు మా ఊళ్లో లేదు. సిర్గాపూర్ వైపు మొదలైందని విన్నాం, అంతలో మా గల్లీలో చివరి ఇంట్లో ముసలాయన పోయాడు. మర్నాడు అదే ఇంట్లో ఇద్దరు పిల్లలు. పొద్దున పొలం పోయినవాడు మధ్యాహ్నానికి కళ్లు గుంతలు పడి, గొంతు పోయి, పిక్కలు పట్టుకుని మెలికలు తిరిగేవాడు. పొద్దు గుంకేసరికి ఏడుపు వినపడేది. తరువాత తరువాత ఏడుపు కూడా తగ్గిపోయింది, ఏడ్చేవాళ్లు మిగలక కొన్ని ఇళ్లలో, ఓపిక లేక కొన్ని ఇళ్లలో. ఆడవాళ్లు బోరంచ నల్లపోచమ్మకు మొక్కుకున్నారు. వేపమండలు కట్టారు. ఇంట్లో తాలింపు మానేశారు. సర్కారు మనుషులు బావుల్లో వేయడానికి ఊదారంగు మందు తెస్తే మా గల్లీలో కర్రలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు, ఎందుకంటే అప్పటికే ఒక మాట పుట్టి ఊరంతా తిరిగింది. బడి సారు గుంతలో ఏదో పోయించాడు, ఆ తరువాతే గత్తర వచ్చింది. పోసిన పిల్లల వేళ్లు చూడండి, నల్లగా మాడిపోయి ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం సార్‌ను చావడికి పిలిపించారు. మమ్మల్నీ తెచ్చి నిలబెట్టి వేళ్లు చూపించమన్నారు. చావడి నిండా మగవాళ్లు. అందులో ఆ ఉదయమే బిడ్డను పూడ్చి వచ్చినవాడు ఉన్నాడు, వాడి చేతులకు ఇంకా మట్టి ఉంది. గుంతలో ఏం పోశారని నన్నే అడిగారు. ఉప్పు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఉప్పుకు వేళ్లు నల్లగవుతాయా అన్నారు. సార్ ముందుకు వచ్చి, ఆ మందు వేరనీ, అది బడి సీసాల్లో తప్ప బావిలో చుక్క కూడా పడలేదనీ నెమ్మదిగా చెప్పాడు. రోగం ఆ బావి నీళ్లలోనే ఉందనీ, దయచేసి ఎవరూ తాగవద్దనీ, మిషన్ వాడలో ఒక్కరూ చావలేదు చూడండనీ అన్నాడు. ఆ చివరి మాట అనకుండా ఉంటే ఎలా ఉండేదోనని తరువాత చాలాసార్లు అనుకున్నాను. అది నిజమే. కానీ చావడిలో గాలి మారిపోయింది. మమ్మల్ని వాళ్ల బావికి పొమ్మంటుండు అని ఎవరో వెనకనుంచి అన్నారు.

అప్పుడు మా బాపు లేచాడు. ఆయన కోపంగా లేడు. బావినుంచి ఒక చెంబు నీళ్లు తెప్పించి సార్ ముందు పెట్టించాడు. "నువ్వేం కలపలేదంటున్నవు. మంచిది. మా ముందర గీ చెంబు తాగు సార్. గీ మాట ఇంతటితోని ఒడుస్తది" అన్నాడు.

సార్ చెంబు వైపు చూశాడు. తాగితే బాగుండునని నాకు అనిపించింది, ఆయన బయటపడతాడు కదా అని.

"తాగను పటేలా" అన్నాడు సార్. "తాగినోల్లందరికీ గత్తర రాదు. నేను తాగి బతికితే బాయి మంచిదేనంటరు. తాగి సస్తే నేనే కలిపిన అంటరు. ఏదైనా గానీ, రేపు పొద్దున మీ ఆడోల్లు బిందెలు పట్టుకోని మల్ల అదే బాయికి పోతరు."

చావడిలో గోల లేచింది. ఒప్పుకున్నడు, ఒప్పుకున్నడు అన్నారు. బాపు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. మా గల్లీ పుట్టినప్పటినుంచి ఈ బావి ఉంది, మా తాతలు తాగారు, నేను తాగుతాను చూడండి, అని చెంబు ఎత్తాడు. సార్ ఒక్క ఊపున ముందుకు వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. వద్దు పటేలా, అన్న మాట నాకు వినబడింది. పెద్దమనిషి చేయి పట్టుకున్నాడన్న సాకు దొరికింది జనానికి. ముందు ఆ మట్టిచేతుల వాడే కొట్టాడు. తరువాత ఎవరెవరు కొట్టారో చెప్పలేను. బాపు కొట్టలేదు. కొట్టవద్దని కూడా అనలేదు. ఆ గొడవ నడుమ నిలబడి చెంబెడు నీళ్లు ఆగకుండా తాగాడు. నీళ్లు మీసాలమీదుగా కారి అంగీ తడిసింది. నేను సార్ దగ్గరికి పోబోతే మా అన్న నన్ను నడుం పట్టుకుని లాగేశాడు. వాళ్లు అటునుంచి అటే బడికి పోయి సామాన్ల గది తలుపు విరిచారు. మందు సీసాలు పగలగొట్టిన చప్పుడు మా ఇంటిదాకా వినిపించింది. సార్‌ను మర్నాడు ఎవరో బండిలో వేసుకుని బీదరు తోవ పట్టించారు. చెవినుంచి నెత్తురు కారుతోందని చూసినవాళ్లు చెప్పారు. ఆయన జాగాలో చాలాకాలం ఎవరూ రాలేదు. వచ్చినాయన పుస్తకం తెరిపించాడు.

బాపుకు ఏమీ కాలేదు. రోజూ పొద్దున తలపాగా చుట్టుకుని గల్లీ ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచి వచ్చేవాడు. అందరికీ తనను చూపించుకోవడానికే ఆ నడక. బావి దగ్గర బిందెల చప్పుడు మళ్లీ ఎప్పటిలా పెరిగింది. కొద్దోగొప్పో భయపడి కాచుకుంటున్నవాళ్లు కూడా మానేశారు. మా ఇంట్లో ఒక పూట బాపు వంట సాల గడప దగ్గర నిలబడి, పొయ్యిమీద నీళ్లు మరుగుతుండడం చూశాడు. "నేను తాగిన నీల్లు నా కోడలు కాగవెడ్తున్నదంటే గల్లీల ఏమనుకుంటరు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. వదిన కట్టెలు వెనక్కి లాగి నీళ్లు చల్లి ఆర్పింది. తడిసిన కట్టె పొగ వంట సాలంతా కమ్ముకుంది. ఆయన పోయాక నేను ఆమెతో గొడవపడ్డాను. సార్ చెప్పింది మరిచిపోయావా అన్నాను.

"ఎట్ల మరుస్త విఠలూ? గా తెల్లది నా కండ్లతోని సూసిన గద" అంది. "మామ ఊరందరి ముందర తాగిండు. ఇంట్లోల్లం మనమే తాగకుంటే ఆయిన మాట ఏంగావాలె?"

కుండలోంచి ముంచుకుని నా ముందే తాగింది. నేనూ ఆ కుండ నీళ్లే తాగాను. ఇంట్లో అందరం తాగాం. ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అనేదానికి కారణాలు నేను తరువాత ఎన్నో చదివాను. ఏ కారణం చదివినా ఆ కుండే గుర్తుకు వస్తుంది.

వదినకు తెల్లవారగానే మొదలైంది. మొదటిసారి దొడ్లోకి పోయి వచ్చి, ఏమీ లేదన్నట్టు పిండి కలపబోయింది. రెండోసారి పోయి గోడ పట్టుకుని వచ్చింది. అవ్వ పసుపునీళ్లు చల్లి, వేపమండతో విసురుతూ కూర్చుంది. దాహం, దాహం అని అడిగేది వదిన. అవ్వ అదే కుండలోంచి పోసేది. నేను పోయి మరియమ్మ ఇంటినుంచి వాళ్ల బావి నీళ్లు ముంత నిండా తెచ్చాను. అవ్వ చూసి కాస్త పక్కకు జరిగింది. ఆ నీళ్లు తాగి వదిన కాసేపు కళ్లు మూసుకుంది. అప్పటికే ఆమె చేతులు నీళ్లలో నానినట్టు ముడతలు పడి, చల్లగా అయిపోయాయి. మాట గుసగుసగా వచ్చేది, అదీ పూర్తిగా కన్నడమే. చివరికి మాలో ఎవరికీ ఆమె ఏమంటోందో అర్థం కాలేదు. మా అన్న తల దగ్గర కూర్చుని ఊఁ ఊఁ అంటూ ఉన్నాడు, అర్థమైనట్టు. వంట సాలలో పొద్దుటి పిండి ఎండి పగుళ్లు పడింది. మధ్యాహ్నం దాటకముందే అయిపోయింది. వాళ్ల పుట్టింటికి కబురు పోయి, తల్లీ తండ్రీ వచ్చేసరికి బూడిద కూడా వానకు కొట్టుకుపోయింది.

బాపు ఆ తరువాత గల్లీలో నడవలేదు. కొట్టంలో పశువుల నడుమ మంచం వేసుకుని పడుకున్నాడు. రొట్టె పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. ఒక పొద్దున జల్లు పడుతుండగా లేచి, వంట సాలలోకి వచ్చి, వదిన నీళ్లకు తీసుకుపోయే బిందె చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. మా ఇంట్లో మగవాడు నీళ్లకు బిందె పట్టుకుని పోవడం అదే మొదలు. నేను వెనకాలే పోయాను. ఆయన మా బావి దాటి, బడి దాటి, మిషన్ వాడ మెరక ఎక్కాడు. బావి దగ్గర నీళ్లు తోడుతున్న మరియమ్మ ఆయనను చూసి చేద వదిలేసి దూరం జరిగింది. వాడ ఆడవాళ్లంతా తలుపుల్లోంచి చూస్తున్నారు. బాపు రాతి ఒర బయటే నిలబడ్డాడు.

"తోడి పొయ్యి మరియమ్మా" అన్నాడు.

ఆమె భయపడింది. "నా చెయ్యి తగిలిన నీల్లు పటేలా. రేపు మల్ల మా మీదికే వస్తది" అంది.

"రానియ్య. పొయ్యి."

ఆమె చేద వేసి తోడింది. బిందెలో పోయబోతే బాపు బిందె కింద పెట్టి, వంగి, దోసిలి పట్టాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, పైనుంచి ధార కట్టి పోసింది. ఆయన తాగుతూనే ఉన్నాడు, ఆమె పోస్తూనే ఉంది. ఆయన లేచినప్పుడు ముఖమంతా తడి. వానదో, నీళ్లదో, ఇంకేమో.

ఆ తరువాత నింపి తెచ్చిన బిందె నీళ్లు అవ్వ ముట్టలేదు. చూరు కింద కుండలు పెట్టుకుని వాననీళ్లు పట్టుకుని తాగింది, పోయేదాకా అదే. కులంవాళ్లు మమ్మల్ని కొంతకాలం బంతికి పిలవలేదు. నాలుగైదు ఇళ్ల వాళ్లు మాత్రం మెల్లగా బిందెలు పట్టుకుని మెరక ఎక్కారు, మొదట్లో ఎవరూ చూడని వేళ చూసుకుని, తరువాత మామూలుగా. ఆ నెలలోనే వానలు దంచికొట్టాయి. గత్తర పోయింది. నన్ను పట్నం పంపి చదివించాలని బాపే నిశ్చయించాడు. ఏం చదవాలని అడిగితే, గా సార్ చదివిందే, అన్నాడు. చావడి మాట మా నడుమ అంతకుమించి ఎప్పుడూ రాలేదు. ఆయన ముసలివాడై, చూపు పోయి, నెమ్మదిగా పోయాడు. బతికినన్నాళ్లూ ఎవరి ముందూ నీళ్లు తాగేవాడు కాదు, చెంబు తీసుకుని లోపలికి పోయి తాగి వచ్చేవాడు.

నాకు ఉద్యోగం వచ్చి, పెళ్లయి, పిల్లలు పుట్టాక కూడా సార్‌ను వెతకాలనే ధైర్యం చాలారోజులకు గానీ రాలేదు. బీదరు అవతల ఒక సంత ఊళ్లో ఉన్నాడని తెలిసి పోయాను. చిన్న కిరాణా కొట్టు. మళ్లీ పాఠం చెప్పలేదట. ఒక చెవి పూర్తిగా వినబడదు, నేను కుడివైపుకు జరిగి మాట్లాడాల్సి వచ్చింది. నా పేరు చెప్పగానే గుర్తుపట్టి, మొదట అడిగింది మీ వదిన ఎట్లున్నదని. ఆమె పంపిన రొట్టెల రుచి చెప్పాడు. ఆమె పోయిందని చెప్పాను, ఎట్లా పోయిందో కూడా. ఆయన తక్కెడలో ఉన్న బెల్లం ముక్కను తీసి మళ్లీ డబ్బాలో వేశాడు, మళ్లీ తీశాడు. నేనే, ఆయనకు కొంచెం ఊరట కలుగుతుందనుకుని, మా బాపు మెరక ఎక్కిన సంగతి, గల్లీలో కొందరు ఆ బావికి మారిన సంగతి, ఆ తరువాత గత్తర ఆగిపోయిన సంగతి చెప్పాను. మీరు చెప్పిందే నిజమైంది సార్, అన్నాను.

ఆయన తల ఎత్తి, మిగతా గల్లీల్లో ఎప్పుడు ఆగిందని అడిగాడు. అప్పుడే అన్నాను. వాళ్లు బావి మార్చారా అన్నాడు. లేదన్నాను. సిర్గాపూర్‌లో? అక్కడా అప్పుడే. వానలు బాగా పడ్డాయా? పడ్డాయి.

"అయితే మీ బాపు మెరక ఎక్కినందుకే ఆగిందో, వానలకు ఆగిందో మనకు తెల్వదు" అన్నాడు. "పిల్లలకు పాఠం చెప్పేటోనివి. గట్ల చెప్పకు."

చెప్పనన్నాను. ఆయన బెల్లం కాగితంలో పొట్లం కట్టి, మా పిల్లలకని నా చేతిలో పెట్టాడు. బస్సు వచ్చేదాకా కొట్టు అరుగుమీద పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన వినబడే చెవి నావైపే ఉంది.